గుణదల కొండ మీద ఇరవై నిమిషాలు

నిన్న రాత్రే విజయవాడలోని గుణదల మేరీమాత కొండ నుంచి వచ్చాను, కాళ్లింకా సలుపుతున్నాయి. తిరునాళ్లు ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా. 11 లూర్దుమాత పండుగ కాబట్టి జనం సంగతి చెప్పనక్కర్లేదు. తలనీలాలకీ కొవ్వొత్తులకీ ఆ రోజు బాగానే ఉంటుంది. ఒక విషయంలో దేవుని చిత్తం అడగడానికి వెళ్లేవాళ్లు మాత్రం 9న తెల్లవారుజామునే ఎక్కేయాలి. నేను 11న వెళ్లాను, మధ్యాహ్నం.

ఎక్కేటప్పుడు ఒక్క ప్రశ్నే పట్టుకోవాలి. 'నా బతుకేమవుతుంది' అన్నది ప్రశ్న కాదు, బెంగ. 'ఈ ఉద్యోగం ఒప్పుకోనా, మాననా' అన్నంత తేటగా ఉండాలి. యేసు శ్రమలను తలుచుకుంటూ నడిచే సిలువమార్గంలో 14 స్థలాల దగ్గరా అదే అడుగుతూ పోతే ఇక వినేదెప్పుడు? మొదటి స్థలం దగ్గరే అడిగేయాలి.

పైన సిలువ దగ్గర రాయి కాలుతోంది. జపమాల చెప్పుకుంటున్న ఒక మామ్మగారు తన తువ్వాలు మడత విప్పి సగం నా వైపు పరిచింది. "కూర్చో నాయనా, నా జపం అయ్యేదాకా ఇక్కడే ఉంటా." 50 మంగళవార్త జపాలు, దాదాపు 20 నిమిషాలు. మౌనానికి అంత చాలు.

బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం చదివాను. దేవుడు గాలిలో లేడు, భూకంపంలో లేడు, నిప్పులో లేడు, ఆ తర్వాతే మెల్లని స్వరం. ఇక్కడ ఆ స్వరం మైకుసెట్టును దాటి రావాలి! తప్పిపోయిన పిల్లల పేర్లు ఆపకుండా చదువుతూనే ఉన్నారు. మొదటి 5 నిమిషాలు మనసు చెప్పుల మీదికీ బస్సు మీదికీ పోతుంది. దానితో పోట్లాడకుండా, చదివిన వాటిలో ఒక్క మాట దగ్గరికి తిరిగి తెచ్చుకోవాలి. తర్వాత ఒప్పుకున్నట్టే అనుకుని కాసేపు, మానేసినట్టే అనుకుని కాసేపు ఉండాలి. చూడాల్సింది అప్పటి ఉత్సాహాన్ని కాదు, అది తగ్గాక ఏం మిగిలిందో.

బైబిల్ గుడ్డిగా తెరిచి వేలు పడిన వచనాన్నే జవాబు అనుకోవడం మనవాళ్లకి అలవాటు. అలాగైతే మన భయానికి తగ్గ వచనం ఎప్పుడూ దొరుకుతుంది. ఇంకొకటి, మనసు కుంగినప్పుడు అంతకు ముందు చేసుకున్న నిర్ణయం మార్చకూడదన్నది యేసు సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ లొయోలా నియమం.

గుహ దగ్గర మాత ముఖం ఒక్క క్షణం కనిపించింది. అంతలోనే వెనక నుంచి నెట్టేశారు.

మిగిలిందేమిటో తారీఖు వేసి రాసిపెట్టుకున్నాను. రెండు వారాలు పోయాక కూడా అలాగే ఉంటే మా విచారణ గురువుగారి దగ్గరికి, అంటే మా చర్చి ఫాదర్ దగ్గరికి వెళతాను.