గొంతు మీద వేలు

మన రీయూనియన్ సంచికకి హాస్టల్ రోజుల గురించి రాయమని కమిటీ వాళ్ళు వదలకుండా మెసేజ్‌లు పెడుతున్నారు. అవన్నీ గుండు రాస్తాడులే. మెస్ సాంబారు మీద వాడిని మించినవాడు లేడు. ఎస్వీ మెడికల్ కాలేజీ అంటే నాకు మాత్రం అనాటమీ మేడమే, అందులోనూ ఆ స్వరపేటిక క్లాసే.

ఆ రోజు బోర్డు మీద గీత కూడా గీయలేదావిడ. "పుస్తకాలు మూసి, గొంతు మీద వేలు పెట్టండి నాయనా" అన్నారు. గొంతు ముందు పొడుచుకొచ్చే మృదులాస్థి, అదే థైరాయిడ్ గుబ్బ, దాని మీంచి కిందికి జారితే చిన్న గుంట, గుంట కింద గట్టిగా క్రికాయిడ్ అనే ఉంగరం లాంటి మృదులాస్థి. ఆ గుంటలో రెంటినీ కలిపే పొరే క్రికోథైరాయిడ్ లిగమెంట్, సెంటీమీటరు ఎత్తు కూడా ఉండీ ఉండనట్టు. మా లడ్డూగాడు మరీ గట్టిగా నొక్కి చేసిన శబ్దం గురించి ఇక్కడ రాయను. అమ్మాయిలకి గుబ్బ సరిగ్గా తగల్లేదు. ఛాతీ ఎముక పైనున్న గుంట నుంచి పైకి రమ్మన్నారు, ట్రాకియా (శ్వాసనాళం) రింగులు దాటాక లావుగా తగిలేదే క్రికాయిడ్ అని.

ఊపిరికి వేరే దారి లేనప్పుడు కోత అక్కడే. పై అంచు దగ్గర ధమనులు అడ్డంగా పోతాయి, అందుకని క్రికాయిడ్‌ని ఆనుకుని కోయాలి. చిన్నపిల్లలకి కత్తి వద్దు. అసలు ఎవరికైనా అక్కడ కోస్తే తర్వాత ఊపిరి దారి ఇరుకైపోతుందని 1921లో అమెరికా గొంతు డాక్టరు షెవాలియర్ జాక్సన్ తిట్టిపోశాడు. 1976లో బ్రాంటిగన్, గ్రో అనే సర్జన్లు 655 మంది పేషెంట్ల లెక్క చూపించాకే డాక్టర్లకు మళ్ళీ ధైర్యం వచ్చింది.

సెకండియర్, థర్డియర్ ఎటు పోయాయో! ఫార్మా సార్ ముఖం కూడా గుర్తు రావట్లేదు.

మత్తు డాక్టర్నయ్యాక ఆ గుంటతో రోజూ పనే. నోరు తెరుచుకోని పేషెంటుకి మెలకువలో ట్యూబు వేయాలంటే అక్కడే సూది గుచ్చి తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ వేస్తాం. దగ్గుతాడు, ఆ దగ్గుతోనే మందు పైకీ కిందికీ పాకుతుంది. ఒక రాత్రి పంటి చీముతో దవడ కింద వాచిపోయిన రైతుని తెచ్చారు. ట్యూబు దిగలేదు, మాస్కుతో గాలీ పోలేదు. ఆ గుంటలోనే బ్లేడు, బూజీ (ట్యూబుకి దారి చూపే సన్నటి పుల్ల), ఆరో నంబరు ట్యూబు, అంతే. ఇప్పటికీ సీజన్‌లో తోతాపురి కాయలు పంపుతుంటాడు. మా ఇంట్లో పచ్చడికి కొదవ లేదు.

ఇప్పుడు చిత్తూరు వైపు కుర్ర డాక్టర్లకు ఇదే నేర్పిస్తున్నాను, స్లైడ్లు లేకుండా. రీయూనియన్‌కి టై కట్టుకుని రాకండి, అందరి గొంతూ చూస్తాను. రేయ్ లడ్డూ, బాగా ఒళ్ళు చేశావట, నీది దొరకడం కష్టమే. ముందు రోజే వచ్చెయ్.