ప్రవర్తన మార్కులతో యూరప్‌కు వెళ్లిన కాలేజీ జట్టు

యూసీడీ అన్న పేరు డబ్లిన్‌లోని తెలుగు ఇళ్లలో వినబడని వారం ఉండదు. ఎవరి తమ్ముడికో అక్కడ మాస్టర్స్ సీటు వచ్చి ఉంటుంది, ఎవరి మరదలో సెప్టెంబరులో దిగబోతూ ఉంటుంది. బెల్‌ఫీల్డ్ క్యాంపస్ దగ్గర్లో గది దొరుకుతుందా అని వాట్సాప్‌లో వాకబు మొదలవుతుంది. అద్దె ఎంతో చెప్పగానే ఊళ్లో ఉన్నవాళ్లకు కాసేపు మాట పెగలదు. ఇంత పరిచయమున్న యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌కు ఐర్లండ్ జాతీయ లీగ్‌లో ఆడే ఫుట్‌బాల్ క్లబ్ ఒకటుందని మాత్రం మాలో చాలామందికి తెలియదు. మా అబ్బాయి చెప్పేదాకా నాకూ తెలియదు.

వాడికిప్పుడు పదహారేళ్లు. ఇక్కడే పుట్టాడు. మా పేట క్లబ్బులో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడతాడు, ఆడించినప్పుడు. వచ్చే ఏడాది లీవింగ్ సర్టిఫికెట్ పరీక్ష. మన దగ్గర ఎప్‌సెట్ ర్యాంకు ఎంతో ఇక్కడ పాయింట్లు అంత, గరిష్ఠం 625. మా ఇంట్లో అన్నం కంటే ముందు ఆ అంకెను వడ్డించడం మా వారికి అలవాటు. ఒకసారి ఆయన మామూలుగానే, "చదువుకో ఆటకో, ఒకదానికే న్యాయం చేయగలవురా" అన్నారు. వాడు వాదనకు దిగలేదు. ఆ క్లబ్ చరిత్ర ఫోనులో తెరిచి మా మధ్య పెట్టి, "ఇది చదవండి నాన్నా, తర్వాత మాట్లాడుకుందాం" అని లేచి వెళ్లిపోయాడు.

ఆయన పైపైన చూసి వదిలేశారు. నేను వదల్లేకపోయాను.

1895లో వైద్య విద్యార్థులతో మొదలైన జట్టు అది. 1979లో లీగ్ ఆఫ్ ఐర్లండ్‌లోకి వచ్చింది. అంత దూరం నడిపించినవారు డాక్టర్ టోనీ ఓనీల్. ఫుట్‌బాల్ లోకమంతా ఆయనను 'డాక్' అని పిలిచేది. ఆ రోజుల్లో కాస్త బాగా ఆడే ఐరిష్ కుర్రాడికి కనిపించే దారి ఒకటే, పదిహేను పదహారేళ్లకు బడి మానేసి ఇంగ్లండ్ క్లబ్బులో చేరడం. వెళ్లినవాళ్లలో నిలదొక్కుకునేది ఏ కొద్దిమందో. మిగిలినవాళ్లు రెండు మూడేళ్లకు చదువూ లేక, కాంట్రాక్టూ లేక ఇంటిముఖం పట్టేవారు. ఓనీల్ యూసీడీలో ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ పద్ధతి తెచ్చారు. ఇక్కడే ఉండు, డిగ్రీ చదువు, మా జట్టుకు ఆడు: ఒప్పందం ఇంతే. పిల్లవాణ్ణి చదువా, ఆటా అని నిలదీయనవసరం లేని ఏర్పాటు ఒకటి చేసిపెట్టారన్నమాట.

దానికి చెల్లించుకోవలసిన మూల్యమూ ఉంది. కుర్రాడు ఆటలో పదునెక్కేసరికి డిగ్రీ పూర్తవుతుంది. పట్టా చేతికి రాగానే పెద్ద క్లబ్బు ఎగరేసుకుపోతుంది, లేదా ఉద్యోగం పిలుస్తుంది. మూడు నాలుగేళ్లకొకసారి జట్టును మళ్లీ అ ఆల నుంచి కట్టుకోవాలి. అందుకే యూసీడీ పై డివిజన్‌కు ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. 2023లో మళ్లీ దిగింది.

ఇలాంటి జట్టు యూరప్ స్థాయి పోటీల మొహం చూడటమే విచిత్రం. తొలిసారి చూసింది 1984లో. ఐర్లండ్ జాతీయ కప్పు, ఎఫ్‌ఏఐ కప్ ఫైనల్లో ఎదురైంది ఆ ఏటి లీగ్ విజేత షామ్‌రాక్ రోవర్స్. మొదటి మ్యాచ్‌లో ఎవరూ గోల్ కొట్టలేదు. రీప్లేలో విద్యార్థులు 2-1తో గెలిచారు. కప్పు గెలిచినవాళ్లకు యూరోపియన్ కప్ విన్నర్స్ కప్‌లో చోటు. చీటీ తీస్తే తొలి రౌండులోనే ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్ వచ్చింది. ఆ ఏటి ఎవర్టన్ మామూలు ఎవర్టన్ కాదు. గోల్‌పోస్టులో నెవిల్ సౌతాల్, ముందు గ్రేమ్ షార్ప్. ఆ సీజన్ ముగిసేసరికి ఇంగ్లండ్ లీగ్ గెలిచారు, సెమీఫైనల్లో బయర్న్ మ్యూనిక్‌ను, రోటర్‌డామ్‌లో జరిగిన ఫైనల్లో రాపిడ్ వియన్నాను ఓడించి ఇదే కప్పూ ఎత్తుకున్నారు.

డబ్లిన్‌లోని టోల్కా పార్క్‌లో సెప్టెంబరులో జరిగిన మొదటి మ్యాచ్ 0-0. అక్టోబరులో లివర్‌పూల్ నగరానికి వెళ్లి గుడిసన్ పార్క్‌లో ఆడారు. షార్ప్ తొందరగానే ఒక గోల్ కొట్టాడు. రెండోది మాత్రం ఎవర్టన్‌కు ఎంతసేపటికీ దొరకలేదు. ఆట చివర్లో యూసీడీ ఆటగాడు కొట్టిన బంతి క్రాస్‌బార్‌ను ఒరుసుకుంటూ పైనుంచి పోయింది. అది లోపల పడి ఉంటే 1-1. ప్రత్యర్థి మైదానంలో కొట్టిన గోల్‌కు విలువ ఎక్కువన్న నియమం అప్పుడుంది కాబట్టి ఎవర్టన్ అక్కడితో ఇంటికి, విద్యార్థులు తర్వాతి రౌండుకు. ఆ జట్టులోని జో హన్రహాన్ తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌కు, కెన్ ఓడొహెర్టీ టాటెన్‌హామ్‌కు వెళ్లారు. రెండు మ్యాచుల్లో కలిపి యూరప్ విజేతకు ఒకే ఒక్క గోల్ ఇచ్చిన కాలేజీ పిల్లలు. మా అబ్బాయికి ఈ ఘట్టం కంఠోపాఠం. వాడు పుట్టడానికి పాతికేళ్ల ముందు బారు మీదుగా పోయిన బంతి గురించి ఇప్పటికీ తల పట్టుకుంటాడు.

నాకు మాత్రం 2015 కథ ఎక్కువ ఇష్టం. వాళ్లు యూరప్‌లోకి వెళ్లిన ద్వారం అలాంటిది.

అంతకు ముందు ఏడాదే యూసీడీ కింది డివిజన్‌కు పడిపోయింది. అప్పట్లో యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఫెయిర్ ప్లే పట్టిక వేసేది. ఎల్లో, రెడ్ కార్డులు ఎన్ని, రిఫరీతో ఎలా మెలిగారు, ఎదుటి జట్టుకు ఎంత మర్యాద ఇచ్చారు, బెంచీ మీదివాళ్లు ఎలా ఉన్నారు, ఆఖరికి ప్రేక్షకులు ఎలా ప్రవర్తించారు అని మార్కులు వేసేవారు. మొదటి మూడు దేశాలకు యూరోపా లీగ్ అర్హత పోటీల్లో ఒక్కో చోటు అదనం. ఆ ఏడు ఆ మూడింటిలో ఐర్లండ్ ఒకటి. దేశంలోకెల్లా బుద్ధిమంతుల జట్టుగా ఆ చోటు యూసీడీకి దక్కింది. ఇదే ద్వారం గుండా ఇంగ్లండ్ నుంచి వచ్చింది ఎవరనుకున్నారు, వెస్ట్ హామ్!

మన బళ్లలో టీసీతో పాటు కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చేవారు. 'ప్రవర్తన: సంతృప్తికరం' అని ఒకే మాట అందరికీ. అది చూపించి సీటు సంపాదించినవాళ్లను నేను ఎరగను. దాంతో ఏకంగా యూరప్‌లో సీటు తెచ్చుకున్నవాళ్లను ఇక్కడికొచ్చాకే విన్నాను. ప్రేక్షకుల ప్రవర్తన మార్కులు ఎలా వచ్చాయని అడిగితే మా అబ్బాయి నవ్వాడు: "గొడవ చేయడానికైనా మనుషులుండాలి కదమ్మా!" నిజమే. ముప్పై వేలకు పైగా విద్యార్థులున్న విశ్వవిద్యాలయంలో సొంత జట్టు ఆట చూసేవాళ్లు మామూలు శుక్రవారాల్లో కొన్ని వందలకు మించరు.

మొదటి రౌండులో లక్సెంబర్గ్ జట్టు ఎఫ్91 డుడెలాంజ్. చిన్న దేశమే అయినా చిన్న జట్టు కాదు. 2012లో ఆస్ట్రియా ధనిక క్లబ్ సాల్జ్‌బర్గ్‌ను చాంపియన్స్ లీగ్ అర్హత పోటీల్లోనే ఇంటికి పంపింది, 2018లో ఏసీ మిలాన్ ఉన్న గ్రూపులో ఆడింది. అలాంటి జట్టును జులైలో బెల్‌ఫీల్డ్‌లో యూసీడీ 1-0తో ఓడించింది. లక్సెంబర్గ్‌లో 2-1తో ఓడింది. మొత్తం 2-2. ఇక్కడ పనికొచ్చింది ఆ పాత నియమమే. 1984లో ఎక్కిరాని ప్రత్యర్థి మైదానపు గోల్ ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత కలిసొచ్చింది. రెండో డివిజన్ కాలేజీ జట్టు యూరప్‌లో ఒక రౌండు దాటింది!

తర్వాతి రౌండులో స్లోవాన్ బ్రాటిస్లావా. 1969లో బార్సిలోనాను ఓడించి కప్ విన్నర్స్ కప్ గెలిచిన క్లబ్. అక్కడికి వెళ్లి 0-1తోనే బయటపడ్డారు. డబ్లిన్‌లో మాత్రం 1-5. కథ అక్కడితో సరి. ఆ ఏడాది తర్వాత ఫెయిర్ ప్లే చోట్లు కూడా ఎత్తేశారు, కాబట్టి బుద్ధిగా ఉండి మళ్లీ వెళ్దామన్నా దారి లేదు.

ఆ 1-5 ఉండబట్టే ఈ కథ నాకు నచ్చిందని ఇంట్లో చెబితే తండ్రీకొడుకులిద్దరూ వింతగా చూశారు. మనవాళ్ల వేదికల మీద సన్మానాలు ఎవరికి జరుగుతాయో చూడండి. స్పెల్లింగ్ పోటీలో మొదటి బహుమతి, నాట్యంలో అరంగేట్రం, పరీక్షలో పూర్తి పాయింట్లు. ఆట ఆడించడానికి మనకు అభ్యంతరం లేదు, మొదటి స్థానం వచ్చేటట్టయితే. రెండో డివిజన్‌లో మధ్యరకంగా ఆడుతూ, క్లాసులో మధ్యరకం కంటే కాస్త పైన ఉంటూ, రెంటినీ ఒళ్లు దాచుకోకుండా చేసే పిల్లవాడికి శాలువా కప్పే సంఘం నేనింకా చూడలేదు. ఆ క్లబ్బులో ఎక్కువమంది అలాంటివాళ్లే.

మా వారిని కదిలించింది ఇంకో సంగతి. 2015 దాకా యూసీడీకి ఆడిన రాబీ బెన్సన్ అక్కడ చదివింది యాక్చువేరియల్ శాస్త్రం. బీమా కంపెనీలు లెక్కలు కట్టించుకునే కష్టమైన చదువు. మరుసటి ఏడాది అతను డండాక్ అనే ఐరిష్ క్లబ్బుకు వెళ్లి, చాంపియన్స్ లీగ్ అర్హత పోటీలో వార్సాలో లెగియా జట్టు మీద గోల్ కొట్టాడు. అదే ఏడు అదే క్లబ్బు తరఫున బెలారుస్ జట్టు బాటే బోరిసోవ్ మీద రెండు గోల్స్ కొట్టిన డేవిడ్ మెక్‌మిలన్ కూడా ఒకప్పటి యూసీడీ కుర్రాడే, వృత్తిరీత్యా ఆర్కిటెక్ట్. ఇది విన్నాక మా వారి ముఖంలో మార్పు వచ్చింది. అంతా విని, "యాక్చువేరియల్‌కు ఎన్ని పాయింట్లు కావాలి?" అన్నారు.

సికింద్రాబాద్‌లో ఉన్న మా నాన్నగారికి ఫోనులో ఈ కథ చెబితే ఆయన సంబరం చూడాలి. "ఇందులో వింతేముందిరా? మన రహీమ్ సాబ్ ఉస్మానియాలో చదివినవాడు, బడిలో పాఠాలు చెప్పినవాడు" అని మనవడికి, హైదరాబాద్ సిటీ పోలీస్‌కూ భారత జట్టుకూ కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. 1950 నుంచి వరసగా ఐదేళ్లు పోలీస్ జట్టుకు రోవర్స్ కప్, భారత జట్టుకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం, మా ఇంటికి కూతవేటు దూరంలోని అమ్ముగూడలో పుట్టిన ఆ జట్టు ఆటగాడు తులసీదాస్ బలరామ్. తన ఊరివాళ్లు కానివాళ్లనే ఇన్నాళ్లూ ఆరాధించిన పిల్లవాడు నోరు తెరుచుకుని విన్నాడు. ఈ నాన్నగారే మా అన్నయ్య ఇంటర్‌లో చేరిన రోజున వాడి క్రికెట్ బ్యాటును అటక ఎక్కించారు. ఆ కాలేజీ నాలుగంతస్తుల భవనం; ఆడుకుందామన్నా జానెడు జాగా లేదు. ఆ మాట మనవడి ముందు ఎత్తలేదు కానీ నాకు మనసులో మెదిలింది. రహీమ్ సాబ్ ఊళ్లో పిల్లలకు మైదానం ఎప్పుడు కరవైందో ఎవరైనా రాస్తే చదవాలనుంది.

2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద వరసగా దాడులు జరిగాయి. నిర్మానుష్యంగా ఉండే చోట్లకు, ముఖ్యంగా అకాల వేళల్లో వెళ్లవద్దని మన రాయబార కార్యాలయం ప్రకటన ఇచ్చింది. సాయంత్రం మ్యాచులకు పిల్లవాణ్ణి ఒంటరిగా పంపడం మానేశాం. అప్పటిదాకా మైదానం గడప తొక్కని మా వారు తోడు వెళ్లడం మొదలుపెట్టారు. భయంతో మొదలైన ప్రయాణమే. దానికి అందమైన పేరు పెట్టాలని నాకు లేదు. ఇప్పటికీ రాత్రి బస్సులో పై అంతస్తు ఎక్కవద్దనే చెబుతాం.

ఒక శుక్రవారం నేనూ వెళ్లాను. యూసీడీ బౌల్ పేరుకు తగ్గంత పెద్దదేమీ కాదు, మూడు వేలమంది పడతారు. ఎదుటి జట్టు అభిమానులు డప్పులతో ఒక మూల నిండుగా ఉన్నారు. మా వైపు ఖాళీ కుర్చీలు, థర్మాస్‌లో టీ తెచ్చుకున్న పెద్దవాళ్లు, నీలం మఫ్లర్లు. కంచె పక్కనే సబ్‌స్టిట్యూట్ కుర్రాళ్లు వార్మప్ చేస్తుంటే బూట్ల కింద తడి గడ్డి నలిగే చప్పుడు కూడా వినిపిస్తోంది. మా పక్క పెద్దాయనకు జట్టంతా తెలుసు. మా వారు ఆటను వదిలేసి ఆయన వైపు వంగి, ఏడో నంబరు అబ్బాయి ఏం చదువుతున్నాడని అడిగారు. కామర్స్, రెండో సంవత్సరం. ఆ పొడుగాటి సెంటర్ బ్యాక్? ఇంజనీరింగ్. గోల్‌కీపర్? సైన్స్ అనుకుంటా, అన్నారాయన. మా అబ్బాయి సిగ్గుతో రెండు వరసలు కిందికి దిగి కూర్చున్నాడు. ఇంజనీరింగ్ కుర్రాడు కార్నర్‌కు తలతో గోల్ కొట్టినప్పుడు మా వారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ కుర్రాడు ఇంజనీర్ కాకపోయినా కొట్టేవారా అని అడగాలనిపించి ఊరుకున్నాను.

ఇంతకీ మావాడికి స్కాలర్‌షిప్ వస్తుందని ఎవరూ అనలేదు. పేట క్లబ్బులోనే వాడు సగం మ్యాచులు బెంచీ మీద కూర్చుంటాడు. వాళ్ల కోచ్ మొహమాటం లేని మనిషి. ఎడమ కాలు బాగుంది, వేగం చాలదు అని మా ముందే చెప్పేశారు. శుక్రవారం సాయంత్రం లెక్కల ట్యూషన్‌ను ఆదివారం ఉదయానికి మార్పించాను, మాస్టారు కాస్త గొణిగినా. "ముందు లెక్కల్లో హెచ్1 రానీ, తర్వాత చూద్దాం" అంటారు మా వారు. హెచ్1 అంటే ఇక్కడ అన్నిటికంటే పై గ్రేడు. "ముందు మొదటి పదకొండుమందిలో నా పేరు రానివ్వండి నాన్నా, హెచ్1దేముంది!" అంటాడు వాడు.