ఆఖరి బంతి ఇల్లు

"మిలిటరీ వాళ్ళ ఇళ్ళలో అద్దెకి దిగాంరా" అని అక్క ఫోన్లో చెప్పగానే నాకు తిరుమలగిరి గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద కంటోన్మెంట్ దారిలో అడ్డంగా పోదామని చూస్తే, జవాను చెయ్యి చాపి వెనక్కి పంపేసేవాడు. ఆ భయంతోనే కావచ్చు, మొన్న శుక్రవారం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో బయల్దేరేటప్పుడు లైసెన్సూ పాస్‌పోర్టూ రెండూ చొక్కా జేబులో పెట్టుకున్నాను.

దూరం డెబ్బై మైళ్ళ లోపే. గిల్‌రాయ్ దగ్గర వెల్లుల్లి వాసన, క్యాస్ట్రోవిల్ దాకా ఆర్టిచోక్ తోటలు, ఆ తర్వాత సముద్రం వైపు నుంచి ముఖం మీదకి కొట్టే పొగమంచు. జూన్ నెలలో హీటర్ వేసుకున్నాను. సీసైడ్ ఊరి దగ్గర లైట్‌ఫైటర్ డ్రైవ్ అనే దారిలోకి తిరిగి, గేటు ఎక్కడొస్తుందా అని చూస్తూ పోయాను. గేటూ లేదు, జవానూ లేడు. పాస్‌పోర్టు అడిగినవాళ్ళే లేరు. పైగా ఎక్కడో తప్పు మలుపు తిరిగి ఒక ముళ్ళకంచె ముందు తేలాను. కంచె మీద బోర్డు: ప్రమాదం, పేలని మందుగుండు ఉంది, లోపలికి రావద్దు. కారు వెనక్కి తీస్తుంటే వేళ్ళు కాస్త వణికిన మాట నిజం.

ఇది ఫోర్ట్ ఆర్డ్. 1917లో సైన్యం ఈ నేల కొన్నది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వియత్నాం దాకా లక్షలమంది కుర్రాళ్ళు ఇక్కడే కవాతు నేర్చుకున్నారు. చివర్లో ఉన్నది 7వ ఇన్‌ఫాంట్రీ డివిజన్. వాళ్ళు వాషింగ్టన్ రాష్ట్రానికి తరలిపోయాక 1994లో స్థావరం మూసేశారు. కొంత భూమిలో విశ్వవిద్యాలయం వచ్చింది. కొండల వైపు 2012లో జాతీయ స్మారక ప్రాంతమైంది. అక్కడక్కడ చెక్క బ్యారక్‌లు కిటికీలు ఊడిపోయి అలాగే నిలబడి ఉన్నాయి. కానీ మొత్తం వదిలెయ్యలేదు. పక్కనే మాంటెరీలో సైన్యం భాషల బడి, నౌకాదళం పీజీ కాలేజీ ఉన్నాయి కదా, అక్కడికొచ్చే వాళ్ళ కుటుంబాల కోసం ఇక్కడి ఇళ్ళు ఉంచుకున్నారు. అక్కావాళ్ళ ఇల్లు వాటిలో ఒకటి.

బావగారు రక్షణ శాఖ ఆఫీసులో కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తారు. ఆఫీసు నడిచేది పాత మిలిటరీ ఆసుపత్రి భవనంలో. "మీరు సైన్యం కాదు కదా, మీకెలా ఇచ్చారు?" అని భోజనాల దగ్గర అడిగాను.

"పెళ్ళి భోజనాలు ఎరుగుదువు కదా? అంతే" అన్నారాయన, పప్పు వడ్డించుకుంటూ. "మొదటి బంతి సర్వీసులో ఉన్నవాళ్ళకి. ఇంకా విస్తళ్ళు మిగిలితే రిజర్వు వాళ్ళూ, రిటైరైనవాళ్ళూ, రక్షణ శాఖ ఉద్యోగులూ. ఆ తర్వాత మాలాంటి కాంట్రాక్టు వాళ్ళు. కొన్ని స్థావరాల్లో చిట్టచివరి బంతికి దారిన పోయేవాళ్ళని కూడా పిలుస్తారు."

వీళ్ళు దీన్ని వాటర్‌ఫాల్ అంటారట. నాకు బంతి లెక్కే బాగుంది. దీని వెనక కథ ఏమిటంటే, సైన్యం ఇళ్ళు శిథిలమైపోతున్నాయి, బాగుచేయించడానికి డబ్బు లేదు అని 1996లో అమెరికా ఒక చట్టం చేసింది. ఇళ్ళు ప్రైవేటు కంపెనీల చేతికిచ్చి, కింద నేలని చాలా చోట్ల 50 ఏళ్ళకి లీజుకిచ్చారు. సైనికుడికి ఇంటి భత్యం వస్తుంది, అది అద్దె కింద కంపెనీకి పోతుంది. అయితే స్థావరంలోనే ఉండాలన్న నిర్బంధం సైనికుడికి లేదు, ఆ భత్యంతో బయట ఇల్లు చూసుకోవచ్చు. అలా ఇళ్ళు ఖాళీ పడి, నిండినవి నూటికి 95 కంటే తగ్గితే, చాలా ఒప్పందాల్లో తర్వాతి బంతికి పిలుపు వస్తుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పాత బంగళాల్లో నేల సర్కారుది, గోడలు మనవి. ఇక్కడ నేల సైన్యానిది, గోడలు కంపెనీవి, వాడకం మాత్రం మనది!

ఆఖరి బంతి వాళ్ళకి కూరలు తగ్గినట్టే ఇక్కడా కొన్ని తగ్గుతాయి. 2018, 19లలో దేశమంతటా సైనికుల ఇళ్ళలో బూజు, సీసపు రంగుల గురించి పెద్ద గొడవ జరిగాక కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, అద్దెదారుల హక్కుల పట్టిక ఒకటి తెచ్చింది. కానీ అది రాసింది సైనికులనీ వాళ్ళ కుటుంబాలనీ దృష్టిలో పెట్టుకుని. బావగారికున్నది తన లీజు కాగితం, అంతే. "చదివే సంతకం పెట్టావా?" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

శనివారం పొద్దున పక్కింటి పెద్దాయన వచ్చాడు. నిటారుగా నడుస్తాడు, ఒక చెవి వినపడదు. 1969లో సైన్యంలో తప్పనిసరిగా చేరాలంటూ డ్రాఫ్టు కాగితం వచ్చి పంతొమ్మిదేళ్ళ వయసులో ఈ ఫోర్ట్ ఆర్డ్‌లోనే బస్సు దిగాడట. ఆ తర్వాత సైన్యంలోనే ఉండిపోయి రిటైరయ్యాడు. భార్య పోయాక, ఇద్దరు మనవలు ఈ చుట్టుపక్కలే ఉన్నారని మళ్ళీ ఇక్కడికే వచ్చి అద్దెకున్నాడు. "అప్పుడు నన్ను ఉంచుకుని వాళ్ళే జీతమిచ్చారు. ఇప్పుడు నేను వాళ్ళకి అద్దె కడుతున్నాను" అని ఆయనే నవ్వాడు.

మమ్మల్ని సముద్రపు ఒడ్డుకి ఆయనే తీసుకెళ్ళాడు. ఇసుక దిబ్బలు ఇప్పుడు రాష్ట్ర పార్కు. ఒకప్పుడు ఇవన్నీ తుపాకీ రేంజిలు. సముద్రం వైపు తిరిగి కాల్చేవారు, గుళ్ళు దిబ్బల్లో దిగేవి. ఆ సీసం గుళ్ళని ఇసుక జల్లించి తీశాకే జనాన్ని రానిచ్చారు. కొండ అంచున సైనికుల క్లబ్బు స్టిల్‌వెల్ హాల్ ఉండేదట. సముద్రం కింది నేలని కోసుకుంటూ వచ్చేసరికి, అది కూలేలోపే పడగొట్టేశారు. పెద్దాయన ఒక చోట ఆగి, ఇసుక మీద బోర్లా పడుకునే భంగిమ చేతులతో చూపించాడు. "పొగమంచులో గురి కనపడేది కాదు. సార్జెంటు మాత్రం నాకే కళ్ళు లేవని తిట్టేవాడు." ఆ రోజూ మంచే. అలల చప్పుడు తప్ప సముద్రం జాడే లేదు.

తిరిగొస్తూ కమిసరీ దగ్గర ఆగాం. సైన్యం వాళ్ళ కిరాణా కొట్టు, ధరలు తక్కువ. పెద్దాయనకి కార్డుంది, బావగారికి లేదు. మేమిద్దరం కార్లో కూర్చున్నాం, ఆయన ఒక్కడే తోపుడు బండి తీసుకుని లోపలికెళ్ళాడు. అరగంటకి వచ్చి, ఉల్లిపాయల సంచీ ఒకటి అక్కకోసమని వెనక సీట్లో పడేశాడు. నేను జేబులోంచి డబ్బు తియ్యబోతే బావగారు మోకాలితో పొడిచారు. కార్డు లేనివాళ్ళకి కొనిచ్చి డబ్బు పుచ్చుకోవడం నిబంధనలకి విరుద్ధమట. కానుకగా ఇవ్వొచ్చు.

ఆదివారం నేను బయల్దేరేసరికి అక్క గోంగూర పచ్చడి సీసా ఒకటి నాకూ, ఒకటి ఆయనకీ సర్దింది. ఆయన తన సీసా మూత తీసి వాసన చూసి, లోపలికెళ్ళి నారింజపళ్ళ సంచీ తెచ్చి నా కారు కిటికీలోంచి లోపలికి తోశాడు.

"కానుక" అన్నాడు గట్టిగా, వీధిలో ఎవరైనా వింటున్నారేమోనన్నట్టు అటూ ఇటూ చూస్తూ.