‘జిమ్మేదారి నాది’ అన్న మాట

మా అమ్మాయి జపాన్‌లోని ఒకినావాలో పీహెచ్‌డీ చేస్తోంది. ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు దాని దగ్గరికి వెళ్ళాను. మన దగ్గర ఎండలు మాడ్చేస్తుంటే అక్కడ మే నెలలోనే ముసురు పట్టింది. అది ల్యాబ్‌కి పోతే గదిలో ఒక్కదాన్నే కూర్చోలేక ఒకరోజు ఒకినావా ముఖ్యపట్టణమైన నహాకి బస్సెక్కాను. ఎక్కేటప్పుడు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డబ్బులివ్వాలి. చీటీ సంగతి మర్చిపోయి, హోంవర్క్ చెయ్యని పిల్లలా డ్రైవర్ ముందు నిలబడ్డాను. ఆయనే నవ్వి పంపించేశాడు.

‘నువ్వు టీచర్‌వి కదమ్మా, త్సుషిమా మారు మ్యూజియం చూసిరా’ అని పొద్దున అమ్మాయి చెప్పింది. అదేదో ఓడ పేరని తప్ప నాకేం తెలియదు.

అది ఒక సరుకుల ఓడ. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జులైలో సైపాన్ దీవి అమెరికా చేతికి చిక్కాక, తర్వాతి వంతు ఒకినావాదేనని జపాన్ ప్రభుత్వానికి అర్థమైంది. ముసలివాళ్ళను, ఆడవాళ్ళను, పిల్లలను లక్షమందిని దీవి దాటించాలనుకున్నారు. ఇది కేవలం దయ కాదు. దీవిలో జపాన్ సైన్యం దిగుతోంది, తిండికి కరువు రాకుండా నోళ్ళు తగ్గించాలి. బడిపిల్లల్ని ఒప్పించే పని మాత్రం టీచర్ల మీద పడింది.

ఇక్కడే నేను ఆగిపోయాను. ఫోన్‌లో అనువాదం చూసుకుంటూ చదువుతున్న చేయి ముందుకు కదల్లేదు.

ఆ టీచర్లు ఇల్లిల్లూ తిరిగారట. సముద్రంలో జలాంతర్గాములు తిరుగుతున్నాయని తల్లిదండ్రులకు భయం. యుద్ధనౌకలో పంపుతారు, ఏం కాదని సర్దిచెప్పారు. పిల్లలకైతే పండగే. మంచు కురవడం చూడొచ్చు, పెద్ద రైలెక్కొచ్చు. వద్దన్న అమ్మానాన్నల దగ్గర ఏడ్చి మరీ ఒప్పించుకున్న పిల్లలున్నారు.

నేను ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పని కూడా అదే కదా. ప్రతి జూన్‌లో బడిబాట అంటూ తిరుగుతాం. అయిదో తరగతి పిల్లల్ని గురుకులానికి పంపమని తల్లుల్ని బతిమాలుతాం. ‘అంత దూరం ఎట్ల ఉంటది మేడం?’ అంటారు. ‘ఏం గాదమ్మా, జిమ్మేదారి నాది’ అంటాను. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పిల్ల ట్రంకుపెట్టెతో బస్సెక్కుతుంటే తల్లి నావైపు చూసే చూపు నాకు బాగా తెలుసు.

1944 ఆగస్టు 21న ఓడ నహా రేవు నుంచి కదిలింది. మర్నాడు రాత్రి పది దాటాక అకుసెకి దీవి దగ్గర బోఫిన్ అనే అమెరికా జలాంతర్గామి టార్పెడోలు వదిలింది. లోపల పిల్లలున్నారని వాళ్ళకు తెలియదు. పదే నిమిషాల్లో ఓడ మునిగింది. 1,480 మందికి పైగా పోయారు. అందులో బడిపిల్లలు 784 మంది. పిల్లల్లో బతికింది 59 మందే. తెప్పలు పట్టుకుని రోజుల తరబడి తేలినవాళ్ళున్నారు.

సంగతి బయట పెట్టొద్దని బతికినవాళ్ళకు హుకుం. ఇక్కడ తల్లులేమో ఉత్తరం కోసం చూస్తున్నారు. చేరామన్న కబురు ఎంతకీ రాకపోయేసరికి అనుమానం మొదలైంది.

లోపల గోడ నిండా పిల్లల ఫోటోలు. అందరివీ లేవు. 1945 యుద్ధంలో ఇళ్ళతోపాటు ఫోటోలూ కాలిపోయాయి. ఓడనేమో 1997లో సముద్రంలో 870 మీటర్ల లోతున కనుక్కున్నారు గానీ పైకి తీయలేమన్నారు. అందుకే ఈ మ్యూజియంలో చూడ్డానికి వస్తువులు తక్కువ. మొహాలే ఎక్కువ. ఒక పిల్ల నాలుగో తరగతిలో నా దగ్గర చదివిన పిల్లలాగే, నుదుటి మీదికి సమంగా కత్తిరించిన జుట్టుతో ఉంది. అక్కణ్ణించి తొందరగా జరిగిపోయాను.

బతికి బయటపడ్డ టీచరమ్మ ఒకామె ఆ తల్లుల మొహాలు చూడలేక ఒకినావా వదిలి, జపాన్ ప్రధాన భూభాగంలో స్థిరపడి, దశాబ్దాలపాటు ఈ మాటే ఎత్తలేదట. ఆమె తప్పేముంది అని పైకి అనుకున్నాను. లోపల మాత్రం అలా అనిపించలేదు.

క్షేమంగా చేరిన ఓడలూ ఉన్నాయి. జపాన్ ప్రధాన దీవుల్లో ఒకటైన క్యూషూ పల్లెల బళ్ళలో సర్దుకున్న ఆ పిల్లలు తమ రోజుల్ని ఒకినావా భాషలో మూడు మాటల్లో చెబుతారు: యాసన్, హీసన్, షికారసన్. ఆకలి, చలి, దిగులు. చూడాలనుకున్న మంచు చూశారు, చాలీచాలని బట్టలతో.

బయట పార్కులో పిల్లల స్మారక స్తూపం ఉంది. దాని ముందు ఎవరో మూత తీసిన నీళ్ళ సీసాలు పెట్టారు. దాహంతో పోయారు కదా. నా బ్యాగులో సగం తాగిన సీసా ఉంది. ఎంగిలిది పెట్టడం బాగుండదని, రోడ్డు మీద మెషీన్‌లో కొత్తది కొని, మూత తీసి పెట్టాను.

తిరుగు బస్సులో ఈసారి చీటీ తీసుకున్నాను. సగం దారిలో వాట్సాప్ కాల్. మా బడి పిల్ల తల్లి.

‘పాపకు గురుకులంల సీటొచ్చింది మేడం. జరంత దూరమే. మీరు పంపుమంటే పంపుత.’

అలవాటైన మాట నాలిక దాకా వచ్చింది.

‘నేనొచ్చినంక ఇద్దరం పోయి ఆ హాస్టల్ చూసొద్దాం లక్ష్మమ్మా,’ అన్నాను. ‘చూసినంక చెప్త.’