స్నేహితుణ్ని చూసి చేశారా, ఎలాగూ చేసేవాళ్లేనా?

ఒకామె కొత్త యాప్ వేసుకుంది. వారం తిరక్కుండా ఆమె స్నేహితురాలూ వేసుకుంది. ఒకరిని చూసి ఒకరు అనేయడం తేలికే. కానీ అభిరుచులు కలిసినందుకే వాళ్లు స్నేహితులయ్యారేమో! అలాగైతే పరిచయం లేకపోయినా ఇద్దరూ వేసుకునేవాళ్లే. ఇది పట్టించుకోకపోతే ఏమవుతుందో 2008లో పరిశోధకులు కోహెన్-కోల్, ఫ్లెచర్ చూపించారు. అప్పట్లో వాడుకలో ఉన్న పద్ధతితో లెక్కేస్తే మొటిమలు, తలనొప్పి, చివరికి ఎత్తు కూడా స్నేహితుల నుంచి అంటుకున్నట్టే తేలింది!

ముందు షఫుల్ టెస్ట్ చేసి చూడండి, ఖర్చు లేని పని. యాప్ వేసుకున్నవాళ్ల జాబితానూ స్నేహాలనూ కదపకుండా, తేదీలు మాత్రం వాళ్లలో వాళ్లకే తారుమారు చేయాలి. యాప్ ఉన్న స్నేహితులు పెరిగేకొద్దీ వేసుకునే అవకాశం ఎంత పెరుగుతోందో ముందూ తర్వాతా లెక్కకట్టాలి. ఒకరిని చూసి ఒకరు వేసుకునే ప్రభావం ఉంటే తేదీలు చెదరగానే ఆ అంకె మారాలి. మారకపోతే ప్రభావానికి ఆధారం లేనట్టే. మారినంత మాత్రాన సంబరపడకండి: ఒకే ప్రకటన ఒకే వారంలో ఇద్దరికీ కనపడినా అంకె మారుతుంది.

తర్వాతది మ్యాచింగ్. స్నేహితుడు యాప్ వేసుకున్న మనిషికి, అన్నిట్లో అతనిలాగే ఉండి ఆ స్నేహితుడు లేని మనిషిని జత చేయడం. వయసు, ఊరు సరిపోవు. ఏం చదువుతారు, ఎంతసేపు వాడతారు అన్నవీ కావాలి. స్నేహితుడు పదో తారీఖున వేసుకుంటే తొమ్మిది వరకే డేటా తీసుకోండి. ఆ తర్వాతి వాడకాన్ని కలిపితే మీరు కొలవాల్సిన ప్రభావమే జతలో కలిసి మాయమైపోతుంది. 2009లో అరల్ బృందం యాహూ మెసెంజర్‌లో 2.74 కోట్ల మందిపై ఇలా చేసింది. పాత పద్ధతులు ప్రభావాన్ని 300 నుంచి 700 శాతం ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేలింది.

అయినా కొలవని అభిరుచి మిగిలే ఉంటుంది. అది ఉన్నంతకాలం కేవలం గమనించిన డేటాతో ప్రభావాన్నీ అభిరుచినీ విడదీయలేమని 2011లో షలీజీ, థామస్ వాదించారు. నా లెక్కలో ఈ విషయంపై చదవాల్సిన మొదటి పేపర్ అదే.

అందుకే చేతనైతే ప్రయోగం చేయాలి. ఫేస్‌బుక్‌లో బక్షీ బృందం (2012) మనిషినంతా పక్కన పెట్టకుండా, ఒక్కో మనిషి–లింకు జతకు లాటరీ వేసి, కొందరికి స్నేహితులు పెట్టిన ఆ లింకును ఫీడ్‌లో దాచింది. లింకు కనపడినవాళ్లు, కనపడకుండా దాచిన వాళ్లకంటే 7.37 రెట్లు ఎక్కువగా దాన్ని పంచుకున్నారు. దాచినా కొందరు అదే లింకు పంచుకున్నారు. అభిరుచి వాటా అక్కడే ఉంది. అయితే దాచిన లింకు ఈమెయిల్‌లోనో మరో సైట్‌లోనో స్నేహితుడి నుంచే వచ్చి ఉండొచ్చు, అప్పుడు ప్రభావం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.