పుత్ర పౌత్ర పారంపర్యం

ఇరవై ఎనిమిదేళ్లుగా నల్లగొండలో దస్తావేజులు రాస్తున్నాను. పెద్ద ఇల్లు ఏది కనిపించినా ముందు లింకు పత్రాలే గుర్తొస్తాయి. ఇది ఎవరిది, వారికి ఎవరి నుంచి వచ్చింది, మధ్యలో ఎక్కడైనా తెగిందా అని.

పోయిన వేసవిలో ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి నన్ను విల్ట్‌షైర్‌లోని స్టౌర్‌హెడ్ ఎస్టేటుకు తీసుకెళ్లింది. స్టౌర్ నది పుట్టే చోటు అది. ఊటనీళ్లకు అడ్డంగా కట్ట పోసి చెరువు చేశారు. ఒడ్డున గుళ్లలాంటి కట్టడాలు, రాతి వంతెన. నడుస్తుంటే మన పానగల్లు ఉదయసముద్రం కట్ట మీద ఉన్నట్టే అనిపించింది. నా మనసు మాత్రం ఆ ఎస్టేటు చేతులు మారిన తీరు మీదే ఉంది.

మన దగ్గర ఒక సర్వే నంబరు చరిత్ర వెతుకుతూ పోతే 1954–55లో భూమి ఎవరిదో, సాగు ఎవరిదో రాసిన ఖాస్రా పహాణీ, దాని వెనక నిజాం కాలపు ఉర్దూ సర్వే రికార్డు సేత్వార్. చాలామందికి దారి అక్కడితో ఆగిపోతుంది. స్టౌర్‌హెడ్ కథ ఇంకా చాలా వెనక నుంచి వస్తుంది. స్టౌర్టన్ వంశం వందల ఏళ్లు అక్కడే ఉంది. అప్పులపాలై 1714లో సర్ థామస్ మీర్స్‌కు అమ్ముకుంది. మూడేళ్లకే, 1717లో, లండన్ బ్యాంకరు కొడుకు హెన్రీ హోర్ చేతికి వచ్చింది. ఆయన పాత భవనం పడగొట్టించి కొత్తది కట్టించాడు. అన్ని తరాలు కాపురమున్న ఇంటి గోడలు కూడా మిగల్లేదు.

ఆయన కొడుకు పేరూ హెన్రీయే. చెరువూ తోటా ఈయన చేసినవే. ఈయనకు పెరిగి పెద్దయిన కొడుకు ఒక్కడే, అతనూ ఇరవై దాటీ దాటకుండానే నేపుల్స్‌లో చనిపోయాడు. అప్పుడు ఎస్టేటు కూతురి కొడుకు రిచర్డ్ కోల్ట్ హోర్‌కు ఇవ్వాలనుకున్నాడు. 1783లో ఇచ్చాడు కూడా, ఒక షరతు మీద: మనవడు కుటుంబ బ్యాంకుతో సంబంధం పూర్తిగా తెంచుకోవాలి. బ్యాంకు మునిగితే అప్పులవాళ్లు ఇంటి మీదికి రాకూడదని. వ్యాపారంలో ఆస్తి పోగొట్టుకున్నవాళ్లను నా బల్ల ముందు ఎందరినో చూశాను. ఆ తాత ముందుచూపుకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

తర్వాత 1902లో ఇంటి నడిమి భాగం కాలిపోయింది. అప్పటి యజమాని సర్ హెన్రీ హోర్, భార్య ఆల్డా మళ్లీ కట్టించారు. వీళ్లకూ ఒక్కడే కొడుకు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలో గాయపడి 1917 డిసెంబరులో అలెగ్జాండ్రియాలో కన్నుమూశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఇద్దరే. 1946లో ఎస్టేటును, పాత ఇళ్లూ తోటలూ కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు రాసిచ్చారు. 1947 మార్చి 25న కొన్ని గంటల తేడాతో భార్యాభర్తలిద్దరూ చనిపోయారు.

ఆ ట్రస్టుకు ఉన్న అధికారమే నన్ను కట్టిపడేసింది. 1907 నాటి చట్టం ప్రకారం తన భూమిని అన్యాక్రాంతం చేయరానిదని ట్రస్టు ప్రకటించవచ్చు. ఒకసారి ప్రకటించాక ఆ భూమిని ట్రస్టు అమ్మడానికీ వీల్లేదు, తాకట్టు పెట్టడానికీ వీల్లేదు.

తోటలో కూర్చుంటే ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. పదేళ్ల కిందట నకిరేకల్ వైపు నుంచి వచ్చాడు. ఒక్కగానొక్క కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. ముప్పై గుంటలు ఊరి బడికి రాసిస్తానన్నాడు. దానపత్రం రాస్తూ అలవాటు కొద్దీ ‘పుత్ర పౌత్ర పారంపర్యంగా, దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో’ అని రాసేశాను. చదివి వినిపిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆ మాట వద్దు సారూ.”

కొట్టేశాను. బడికి పుత్రులేమిటని నాకే తోచాల్సింది.

“ఎవరూ అమ్మకూడదని కూడా రాయండి” అన్నాడు.

దానం ఇచ్చాక అసలే అమ్మరాదనే షరతు చెల్లదు పెద్దాయనా, ఆస్తి బదిలీ చట్టం పదో సెక్షన్ ఒప్పుకోదు అని చెప్పాను. అర్థమైందో లేదో, కాసేపు బల్ల మీది కాగితాన్నే చూస్తూ కూర్చున్నాడు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. చివరికి షరతులా కాకుండా, హద్దుల వివరం కింద, ‘ఈ స్థలం ఎన్నటికీ బడిగానే ఉండాలని దాత కోరిక’ అని ఒక వాక్యం చేర్చాను. కోర్టులో దానికి బలం లేదని ఆయనకు మళ్లీ చెప్పాను.

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత సిరా అద్దిన ఎడమ బొటనవేలిని దాని పక్కనే ఆన్చబోయాడు. వేలిముద్ర అక్కడ కాదు, కింద అని చెయ్యి పట్టుకుని చూపించాను. అప్పటికే ఆ వాక్యం చివర నీలంగా చిన్న మచ్చ పడింది.