అత్తయ్య ఒప్పుకోని హనుమంతుడు

బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్ చూడ్డానికి కొన్న టికెట్‌తోనే ఖోన్, అంటే ముసుగులతో రామాయణం ఆడే థాయ్ నృత్యనాటకం కూడా చూడొచ్చు. చాలామంది ఎండకు తాళలేక ఆ సంగతి పట్టించుకోరు. రామాయణం అనగానే మా అత్తయ్య మాత్రం కాళ్ల నొప్పులు మరిచిపోయి, ‘‘పద, చూసే పోదాం’’ అంది.

ఆట సాలా చలెర్మ్‌క్రుంగ్‌లో. 1933లో, థాయ్ రాజు ఏడో రామ కాలంలో తెరిచిన థియేటర్ అది. లోపల చల్లగా ఉంది, సగం పుణ్యం అక్కడే దక్కింది.

ఖోన్‌లో ముసుగు వేసుకున్నవాళ్లు నోరు విప్పరు. పద్యాలూ మాటలూ పక్కన కూర్చున్న వాచకులవి, అడుగులు మాత్రం ఆటగాళ్లవి. చెక్క పలకల రనాత్ గలగలా మోగుతుంటే ఆకుపచ్చ ముఖంతో తోసకాన్, అంటే మన రావణుడు, మోకాళ్లు బార్లా చాపి నిలబడ్డాడు. ఆ జరీ దుస్తులు తొడుక్కునేవి కావు. ఆటకు ముందు ఒంటి మీదే సూదీ దారంతో బిగించి కుడతారు, అయ్యాక విప్పుతారు. కుట్టు ఎక్కడా కనబడదు.

ఆ రోజు వారధి ఘట్టం. కోతులు వేసిన రాళ్లన్నీ మాయమవుతున్నాయి. తెల్ల ముసుగు హనుమంతుడు నీళ్లలోకి దూకి చూస్తే, దొంగ సువన్నమచ్ఛ, రావణుడి కూతురు, నడుము కింద చేప. తరుముతాడు, పట్టుకుంటాడు. ఆ తర్వాత కథ సరసంలోకి దిగింది. వేళ్లు వెనక్కి విల్లులా వంచి ఆమె సిగ్గు పడటం, అతను తల వంచి ఒక్కో అడుగే దగ్గరకు రావడం... నిజానికి ఆట మొత్తంలో నాకు నచ్చింది అదే.

అత్తయ్య నా మోచేయి గిల్లింది. ‘‘ఇదేంట్రా! ఆంజనేయుడు బ్రహ్మచారి కదా?’’

వాళ్లకొక కొడుకు కూడా పుడతాడని చెప్పాను. పేరు మచ్ఛాను, చేప తోకున్న తెల్ల కోతి. పాతాళంలో మైయరాప్ కోటకు కాపలా ఉండి, తండ్రినే అడ్డుకుంటాడు.

‘‘మైయరాప్ అంటే మైరావణుడే! ఆ పిల్లాడు మత్స్యవల్లభుడు!’’ అత్తయ్య గొంతు పెరిగింది. ముందు వరసవాళ్లు తిరిగి చూశారు. చిన్నప్పుడు హరికథల్లో విన్నదట: ‘‘స్వామివారి చెమట చుక్క చేప మింగితే పుట్టాడు. అంతే. ఈ వేషాలేం లేవు.’’

మనవాళ్లు చెమట చుక్కతో సర్దుకున్న కథని థాయ్‌వాళ్లు దాపరికం లేకుండా ఆడేశారు. థాయ్ రాజు మొదటి రామ 1797లో రాయించిన రామకియెన్‌లో, అంటే వాళ్ల రామాయణంలో, హనుమంతుడు యుద్ధంలో ఎంత చురుకో శృంగారంలోనూ అంతే. విభీషణుడి కూతురు బెన్యకాయినీ వదల్లేదు. ఆ మాట అత్తయ్యకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆట అయ్యాక బయట ఫోటోలు. హనుమంతుడు చేతులు జోడించి వాయ్ చేశాడు. అక్కడ చిన్నవాళ్లే ముందు చెయ్యాలి, పెద్దవాళ్లు బదులివ్వాలి. అత్తయ్య ఒక్క క్షణం తటపటాయించి, బదులిచ్చింది.

ఫోటోకి మాత్రం వెళ్లి రావణుడి పక్కన నిలబడింది.